ఇంజిన్ కంప్యూటర్ ‘పోయింది’ అన్నప్పుడు: పికప్ బండి ఈసీయూ మార్చే ముందు, మార్చేటప్పుడు చూసుకోవలసినవి

కోలారు టమాటా బెంగళూరు చేరాలన్నా, హోసూరు పూలు తెల్లవారేసరికి మార్కెట్టుకు అందాలన్నా, షోలాపూర్ దుప్పట్ల మూటలు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లాలన్నా, యానాం చేపలు మంచు కరగకముందే ఊరు దాటాలన్నా మోసేది పికప్ బండే. మన ఇళ్లలో చాలామందికి ఆ బండే బతుకుతెరువు. ఒక రోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు.

అలాంటి బండి దారిలో ఆగిపోయి షెడ్డుకు చేరాక యజమానిని ఎక్కువగా భయపెట్టే మాట ‘ఈసీయూ పోయింది’. కొత్త ఈసీయూ ధర చాలా మోడళ్లకు పదుల వేల రూపాయల్లో ఉంటుంది. పైగా ఎలక్ట్రికల్ భాగాన్ని ఒకసారి కొన్నాక చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. డబ్బు కట్టి పెట్టె మార్చాక కూడా బండి స్టార్ట్ కాకపోతే, అసలు లోపం ఓ ఎర్త్ వైరులోనో, చిన్న సెన్సార్‌లోనో ఉందని తేలితే, ఆ నష్టం పూడ్చుకోవడానికి నెలలు పడుతుంది.

అందుకే ఈ వ్యాసంలో మేము రెండు విషయాలు వరుసగా చెబుతున్నాం. ఒకటి, ఈసీయూ నిజంగా పోయిందని తేల్చుకోవడం ఎలా. రెండు, మార్చక తప్పనప్పుడు ఏ దారిలో, ఏ క్రమంలో మార్చాలి. ఇవన్నీ యజమాని స్వయంగా చేయాలని కాదు. షెడ్డులో నిలబడి ఏం అడగాలో తెలిస్తే చాలు.

ఈసీయూ ఏం చేస్తుంది

ఈసీయూ, ఈసీఎం, ఇంజిన్ కంప్యూటర్ అనేవి ఒకే పెట్టెకు ఉన్న పేర్లు. అల్యూమినియం డబ్బాలో ఒక సర్క్యూట్ బోర్డు, దానికి ఒకటి రెండు పెద్ద కప్లర్లు, వాటిలో పదుల సంఖ్యలో పిన్నులు. చాలా పికప్‌లలో ఇది క్యాబిన్ లోపల డ్యాష్‌బోర్డు వెనుకో సీటు కిందో ఉంటుంది. కొన్నింటిలో ఇంజిన్ దగ్గరే బిగిస్తారు.

కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో ఈ పెట్టె పని ఇలా సాగుతుంది. క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్ చెప్పేదాన్ని బట్టి ఏ పిస్టన్ ఎక్కడుందో తెలుసుకుంటుంది. రైల్ ప్రెషర్ సెన్సార్, నీటి వేడి సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్ చెప్పేవి చదువుతుంది. వాటిని లెక్కకట్టి ఏ ఇంజెక్టర్ ఏ క్షణంలో, ఎంతసేపు తెరుచుకోవాలో ఆజ్ఞ ఇస్తుంది. చాలా సెన్సార్లకు కావలసిన 5 వోల్టుల కరెంటు కూడా ఈ పెట్టె నుంచే వెళుతుంది.

పెట్టె లోపల మెమరీలో ఆ బండికే చెందిన వివరాలు ఉంటాయి. ఇంజిన్ సాఫ్ట్‌వేర్, ఛాసిస్ నంబర్, తాళం చెవి గుర్తు, ఒక్కో ఇంజెక్టర్‌కు ఉన్న కోడ్ అందులో నమోదై ఉంటాయి. బల్బు తీసి బల్బు పెట్టినట్టు ఈసీయూను మార్చడం కుదరకపోవడానికి కారణం ఇదే.

ఏ బండ్లలో ఉంటుంది

తమిళనాడులో ‘కుట్టి యానై’ అనీ, మహారాష్ట్రలో ‘ఛోటా హాథీ’ అనీ పిలుచుకునే టాటా ఏస్ 2005లో వచ్చింది. తొలి బండ్లలో 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉండేది. డీజిల్ పంపు యాంత్రికంగానే నడిచేది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. 2011లో హోసూరు ప్లాంటు నుంచి బయటికి వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్‌లో మూడు సిలిండర్ల కామన్ రైల్ ఇంజిన్ ఉంది. మహీంద్రా బొలెరో పికప్‌లో 2523 సీసీ కామన్ రైల్ ఇంజిన్ వచ్చాక అందులోనూ ఈసీయూ తప్పనిసరి అయింది.

బీఎస్-4 ప్రమాణాలు దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ శుద్ధి వ్యవస్థ కూడా ఈసీయూ చేతిలోనే ఉండడం వల్ల పని మరింత చిక్కుగా మారింది.

పోయినట్టు కనిపించే లక్షణాలు

కింది లక్షణాల్లో ఏది కనిపించినా ఈసీయూ మీదే అనుమానం వస్తుంది. కానీ ప్రతి లక్షణం వెనుకా అంతకంటే చవకైన కారణం ఉండవచ్చు.

• సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు. క్రాంక్ సెన్సార్ పాడైనా, డీజిల్‌లో గాలి చేరినా, రైల్‌లో ఒత్తిడి రాకపోయినా, తాళం చెవిని బండి గుర్తించకపోయినా ఇలాగే ఉంటుంది.

• బండి వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది. బోర్డు మీది టంకం పగుళ్ల వల్ల ఇలా జరగవచ్చు. క్రాంక్ సెన్సార్ పాడైనప్పుడూ అచ్చం ఇలాగే జరుగుతుంది. సెన్సార్ ధర ఈసీయూ ధరలో చిన్న భాగం.

• ఒకేసారి నాలుగైదు సెన్సార్ల కోడ్‌లు వచ్చాయి. అన్నీ ఒక్కసారిగా పాడవడం అరుదు. ఒక్క సెన్సార్ షార్ట్ అయి 5 వోల్టుల లైనును కిందికి లాగితే, ఆ లైను మీదున్న మిగతావన్నీ తప్పుగా చెబుతాయి.

• ఒక సిలిండర్ పనిచేయడం లేదు. ఇంజెక్టర్, దాని వైరు, ఈసీయూలోని డ్రైవర్ భాగం అనే మూడింటిలో ఏదైనా కావచ్చు.

• కీ తిప్పితే చెక్ లైటు వెలగడం లేదు, స్కానర్‌కు ఈసీయూ పలకడం లేదు. ఇదే అన్నిటికంటే బలమైన అనుమానం. అయినా ఈసీయూకు కరెంటు అందకపోయినా ఇలాగే ఉంటుంది.

స్కానర్‌లో వచ్చే కోడ్‌లలో పీ0601 మెమరీ లోపాన్ని, పీ0606 ప్రాసెసర్ లోపాన్ని సూచిస్తాయి. యూ0100 అంటే మిగతా యూనిట్లకు ఈసీయూతో మాట కలవడం లేదని అర్థం. పీ0335 క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌కు, పీ0642 సెన్సార్ల 5 వోల్టుల లైను తగ్గిపోవడానికి సంబంధించినవి. పీ0606 వచ్చినా వెంటనే పెట్టె కొనవద్దు. బ్యాటరీ బలహీనపడి వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా ఇలాంటి కోడ్ నమోదు కావచ్చు. కోడ్‌లు రాసిపెట్టుకుని, చెరిపి, బ్యాటరీ సరిచేసి, అదే కోడ్ మళ్లీ వస్తుందో లేదో చూడాలి.

మార్చే ముందు ఏడు పరీక్షలు

వీటికి కావలసినవి ఒక మల్టీమీటర్, ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు, ఒక స్కానర్. పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కు గంట రెండు గంటల పని. దీనికి విడిగా కూలి ఇచ్చినా లాభమే.

1. బ్యాటరీ, ఆల్టర్నేటర్. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీలో 12.4 నుంచి 12.7 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. 15 దాటుతుంటే ఆల్టర్నేటర్ లోపం. దాన్ని సరిచేయకుండా కొత్త ఈసీయూ పెడితే అదీ పోతుంది.

2. ఎర్త్. మీటర్ ఒక మొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో మొనను ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్టు కంటే చాలా ఎక్కువ చూపిస్తే ఎర్త్ సరిగా లేదు. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును గీకి బిగిస్తే ఎన్నో ‘ఈసీయూ’ సమస్యలు తీరిపోతాయి. ఛాసిస్ మీది ఎర్త్‌ను కూడా ఇలాగే చూడాలి.

3. ఫ్యూజులు, మెయిన్ రిలే. ఫ్యూజును కంటితో చూసి వదిలేయకూడదు, మీటర్ పెట్టి చూడాలి. రిలేను అదే నంబరున్న మరో రిలేతో మార్చి చూడవచ్చు.

4. ఈసీయూ దాకా కరెంటు వస్తోందా. వైరింగ్ డయాగ్రం చూసి, ఈసీయూ కప్లర్ తీసి, దాని పవర్, ఎర్త్ పిన్నుల మధ్య బల్బు పెట్టి వెలిగించాలి. మెయిన్ రిలేను ఈసీయూయే నడిపే బండ్లలో, ముందుగా రిలేను బయటి నుంచి కలిపి ఈ పరీక్ష చేయాలి. మీటర్ ఒక్కటే చాలదు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం మసకగా వెలుగుతుంది. బల్బు మొనలు పిన్నుల్లోకి దూర్చి రంధ్రాలు వదులు చేయకుండా సరైన ప్రోబ్ వాడాలి.

5. కప్లర్లు, వైరింగ్. పచ్చటి చిలుము, వంగిన పిన్ను, నీటి చారలు, ఎలుక కొరికిన గుర్తులు చూడాలి. యానాం, గోపాల్‌పూర్ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి పిన్నులు త్వరగా చిలుము పడతాయి. ఇంజిన్ నడుస్తుండగా వైరింగ్‌ను అక్కడక్కడా మెల్లగా కదిపి చూడాలి. బండి తడబడితే లోపం అక్కడే ఉంది.

6. 5 వోల్టుల లైను. తక్కువగా ఉంటే ఆ లైను మీది సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటిగా తీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో ఆ సెన్సారే దోషి. అన్నీ తీశాక కూడా రాకపోతే వైరింగ్ చూడాలి. అదీ బాగుంటేనే ఈసీయూ వైపు చూడాలి.

7. స్కానర్‌లో ప్రత్యక్ష రీడింగులు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్పీఎం సున్నా చూపిస్తే ముందు క్రాంక్ సెన్సార్, దాని వైరు చూడాలి. ఆర్పీఎం వస్తూ రైల్ ఒత్తిడి 200 బార్ దరిదాపులకు రాకపోతే సమస్య డీజిల్ లైను వైపు ఉండే అవకాశం ఎక్కువ. స్కానర్ అసలు కలవకపోతే, బ్యాటరీ తీసి ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య నిరోధం చూడాలి. ఆ పిన్నుల మీద క్యాన్ లైను ఉన్న బండిలో 60 ఓములు ఉండాలి. 120 చూపిస్తే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లు ఎక్కడో అంటుకున్నాయి.

ఈ పరీక్షల్లో ప్రమాదం కూడా ఉంది. కామన్ రైల్‌లో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది. ఇంజిన్ నడుస్తుండగా డీజిల్ గొట్టం వదులు చేస్తే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఇంజెక్టర్ వైర్ల మీద 60 వోల్టులు దాటే కరెంటు ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వాటి జోలికి వెళ్లకూడదు.

‘మరో బండి ఈసీయూ పెట్టి చూద్దాం’ అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఇంజెక్టర్ షార్ట్ అయి ఉన్న బండికి మంచి ఈసీయూ తగిలిస్తే అదీ కాలిపోవచ్చు. చెవి గుర్తు కుదరక బండి స్టార్ట్ కాకపోతే, పరీక్ష ఏదీ తేల్చకుండానే ముగుస్తుంది. పైన చెప్పిన పరీక్షలన్నీ అయ్యాకే ఈ ఆలోచన చేయాలి.

ఎందుకు పోతుంది

కారణం తెలియకుండా పెట్టె మార్చడం పాత కన్నంతోనే కుండ నింపడం. పికప్ బండ్లలో ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి.

వెల్డింగ్ మొదటిది. బాడీకి జాలీ కట్టించడం, డాలా బాగుచేయించడం మన బండ్లకు మామూలే. వెల్డింగ్ కరెంటు ఛాసిస్ మీదుగా వెళ్లేటప్పుడు ఈసీయూ దాని దారిలో పడితే కాలిపోతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి, ఈసీయూ కప్లర్లు తీయాలి, వెల్డింగ్ ఎర్త్‌ను పని జరిగే చోటుకు దగ్గరగా బిగించాలి.

లారీ నుంచి జంప్ స్టార్ట్ రెండోది. పెద్ద లారీలది 24 వోల్టుల వ్యవస్థ, పికప్‌ది 12. తొందరలో లారీ బ్యాటరీల రెండు చివరల నుంచి కేబుల్ వేస్తే పికప్‌కు రెట్టింపు కరెంటు వెళుతుంది. ప్లస్ మైనస్ తారుమారు చేసినా ఇదే గతి.

నీరు మూడోది. ఇంజిన్ గదిలో ప్రెషర్ వాటర్ కొట్టించడం, అద్దం రబ్బరు సందులోంచి వాన నీరు డ్యాష్‌బోర్డులోకి కారడం, వరదనీటిలో బండి నిలవడం వల్ల ఈ నష్టం జరుగుతుంది. నీరు వైరు వెంబడి జారి కప్లర్‌లోకి చేరుతుంది.

అదనపు లైట్లు, హారన్లు, మ్యూజిక్ సిస్టం కోసం ఇంజిన్ వైరింగ్‌ను కోసి కలపడం మరో కారణం. వీటికి రిలే, ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి విడిగా లైను లాగాలి.

ఈసీయూ పోయిందని తేలితే నాలుగు దారులు

కంపెనీ సర్వీసులో కొత్తది. ఖర్చు ఎక్కువ, నమ్మకమూ ఎక్కువ. బండికి తగిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి, చెవి, ఇంజెక్టర్ కోడ్‌లు నమోదు చేసి ఇస్తారు. బీఎస్-6 బండికి, వారంటీలో ఉన్న బండికి మా సలహా ఇదే. వారంటీ ఇంకా ఉందేమో ముందుగా సర్వీసు బుక్కులో చూసుకోండి. బయట పెట్టె విప్పిస్తే వారంటీ పోతుంది.

ఉన్నదాన్నే బాగుచేయించడం. టంకం పగిలినా, ఇంజెక్టర్ డ్రైవర్ కాలినా, కెపాసిటర్ పోయినా బోర్డు బాగుచేసే నిపుణులు పెద్ద నగరాల్లో ఉన్నారు. మెమరీ అలాగే ఉంటుంది కాబట్టి చెవి, కోడ్‌ల గొడవ సాధారణంగా ఉండదు. ఖర్చూ తక్కువే. నీరు చేరి బోర్డు పొరల్లోకి తుప్పు దిగితే మాత్రం బాగుచేసినా ఎక్కువ రోజులు నిలవదు.

పాతది కొని క్లోన్ చేయించడం. తుక్కుకు వెళ్లిన బండి నుంచి అదే హార్డ్‌వేర్ నంబరున్న ఈసీయూ తెచ్చి, మన పాత పెట్టెలోని సమాచారం మొత్తాన్ని అందులోకి ఎక్కిస్తారు. పాత పెట్టెలోని మెమరీ చదవగలిగే స్థితిలో ఉంటేనే ఇది కుదురుతుంది. కొత్త బండ్ల ప్రాసెసర్లకు తాళాలు గట్టిగా ఉంటాయి, అందరికీ తెరవడం రాదు.

పాతది కొని నేరుగా పెట్టడం. చెవి గుర్తు లేని కొన్ని పాత మోడళ్లలో బండి స్టార్ట్ కావచ్చు. అయినా ఛాసిస్ నంబర్, ఇంజెక్టర్ కోడ్‌లు వేరే బండివి ఉంటాయి. పొగ, చప్పుడు, మైలేజీ తేడా వస్తాయి. ఇది మేము సూచించే దారి కాదు.

పాత ఈసీయూ ఎక్కడ కొన్నా, ఏ బండిదో చెప్పి బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనాలి. దొంగ సరుకు అని తేలితే పెట్టెతో పాటు మన బండి కూడా పోలీసు స్టేషన్‌లో నిలుస్తుంది.

మార్చే క్రమం

మొదట రాతకోతలు. స్కానర్‌లోని కోడ్‌లన్నీ ఫొటో తీయాలి. ఈసీయూ మీది లేబుల్‌ను స్పష్టంగా ఫొటో తీయాలి. అందులోని హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ ముఖ్యమే. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఏడాది మారితే నంబరు మారవచ్చు. ప్రతి ఇంజెక్టర్ నెత్తిన చెక్కి ఉండే కోడ్‌ను సిలిండర్ వరుసలో రాసుకోవాలి. పాత ఈసీయూ పలుకుతుంటే అందులోని సమాచారం మొత్తాన్ని ఒక ఫైలుగా తీయించి, ఒక ప్రతి మనమూ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. తాళం చెవులు రెండూ షెడ్డుకు తీసుకెళ్లాలి.

తర్వాత తీయడం. కీ ఆపి, ఐదు పది నిమిషాలు ఆగాలి. కీ ఆపిన తర్వాత కూడా ఈసీయూ కాసేపు మేలుకుని లెక్కలు మెమరీలో రాసుకుంటుంది. ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ తీయాలి. కప్లర్ లాక్ లీవర్‌ను పూర్తిగా తెరిచి కప్లర్ బయటికి తీయాలి, వైర్లు పట్టి లాగకూడదు. పిన్నులను వేళ్లతో ముట్టకూడదు. మన ఒంటి మీది స్థిర విద్యుత్తు కూడా బోర్డును దెబ్బతీయగలదు.

బిగించేటప్పుడు కప్లర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, ఆరనిచ్చి పెట్టాలి. బోల్టులన్నీ బిగించాలి. కొన్ని బండ్లలో ఆ బోల్టే ఎర్త్, ఆ రేకే వేడిని బయటికి పంపే దారి. తాడుతోనో ట్యాగుతోనో కట్టి వదిలేస్తే కొద్ది నెలల్లో మళ్లీ అదే కథ.

సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన ఛార్జర్ తగిలించి ఉంచాలి. సగంలో వోల్టేజీ పడిపోతే కొత్త పెట్టె కూడా పనికిరాకుండా పోవచ్చు. కరెంటు కోతలున్న చోట ఇన్వర్టర్ లేకుండా ఈ పని మొదలుపెట్టనివ్వకండి.

ఆ తర్వాత వరుసగా ఛాసిస్ నంబర్ నమోదు, రెండు చెవుల గుర్తింపు, ఇంజెక్టర్ కోడ్‌ల నమోదు, ఆ మోడల్‌కు అవసరమైతే ఈజీఆర్ వాల్వ్, డీజిల్ పంపు లెర్నింగ్. బీఎస్-6 బండిలో డీపీఎఫ్ ఉంటే, దాని మసి లెక్కలు పాత పెట్టె నుంచి కొత్తదానికి తేవాలి. లేకపోతే నిండిన ఫిల్టర్‌ను కంప్యూటర్ కొత్తదని అనుకుంటుంది. చివరికి అది మూసుకుపోయి బండి లింప్ మోడ్‌లోకి వెళుతుంది, అంటే బలం తగ్గి మెల్లగా మాత్రమే నడుస్తుంది.

అన్నీ అయ్యాక కోడ్‌లు చెరిపి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా బండి నడపాలి. వీలైతే బరువు వేసి, ఎత్తు ఎక్కించాలి. షెడ్డుకు వచ్చి మళ్లీ స్కాన్ చేయించాలి. చల్లటి ఇంజిన్‌కు మర్నాడు పొద్దున మొదటి సెల్ఫ్ ఎలా ఉందో చూశాకే మిగతా డబ్బు ఇస్తామని ముందే మాట్లాడుకోవడం మంచిది.

‘ఆఫ్ చేసేస్తాం’ అంటే ఒప్పుకోవద్దు

ఈసీయూ ఫైలు తెరిచినప్పుడు కొందరు ‘ఈజీఆర్ ఆఫ్ చేస్తాం, డీపీఎఫ్ తీసేస్తాం, పికప్ పెరుగుతుంది’ అని ఆశ పెడతారు. తయారీదారు నిర్దేశించిన తీరుకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 నిషేధిస్తుంది. కాలుష్య ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు, లైసెన్సు మూడు నెలలు ఆగిపోవచ్చు. ఇమ్మొబిలైజర్ ఆఫ్ చేయిస్తే దొంగకు తాళం తీసిచ్చినట్టే. ఎక్కించే ఫైలు కంపెనీ అసలు ఫైలేనని బిల్లు మీద రాయించుకోండి.

బిల్లు, భాష, ఫిర్యాదు

జాబ్ కార్డు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో ఉంటుంది. మన ఇళ్లలో ఆ భాష మాట్లాడగలిగినా చదవలేని పెద్దలు ఉన్నారు, తెలుగు మాట్లాడుతూ ఆ లిపే చదివే పిల్లలు ఉన్నారు. సంతకం పెట్టే ముందు పిల్లల చేత ఒకసారి చదివించండి. ఊరట ఏమిటంటే, ఈసీయూ, క్రాంక్ సెన్సార్, ఎర్త్, కప్లర్, రిలే, స్కానింగ్ అనే మాటలు ఏ రాష్ట్రం షెడ్డులోనైనా ఒకటే.

బిల్లు మీద ఉండవలసినవి: బండి నంబరు, ఛాసిస్ నంబరు, తీసిన ఈసీయూ సీరియల్ నంబరు, పెట్టిన ఈసీయూ సీరియల్ నంబరు, కొత్తదా పాతదా బాగుచేసినదా, ఎన్ని నెలల వారంటీ. పాత పెట్టెను వెనక్కి తీసుకోండి. ఎక్స్‌ఛేంజ్ కింద ఇస్తుంటే ఎంత తగ్గించారో బిల్లులో రాయించండి.

పని చెడగొట్టి డబ్బు తీసుకున్నారని తేలితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 మనకు తోడుగా ఉంటుంది. ‘బండి వ్యాపారానిది, నీవు వినియోగదారుడివి కావు’ అని ఎవరైనా అంటే బెదరనవసరం లేదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే వాడుకునే వస్తువును వాణిజ్య అవసరంగా చూడరాదని ఆ చట్టమే చెబుతోంది. నివసించే జిల్లాలో, లేదా పని చేసుకునే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. పొరుగు రాష్ట్రంలో బాగుచేయించిన బండికీ ఇది వర్తిస్తుంది. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ సేవలు అందే భాషల్లో తెలుగు కూడా ఉంది.

బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. యాంత్రిక, విద్యుత్ లోపాలతో బండి చెడిపోవడం సాధారణ మోటారు బీమా పరిధిలోకి రాదు. ప్రమాదం వల్లనో వరద వల్లనో ఈసీయూ పోతే మాత్రం బండిని కదపకుండా, కప్లర్లు తీయకుండా ముందు బీమా కంపెనీకి తెలపాలి.

షెడ్డులో అడగవలసిన ఆరు ప్రశ్నలు

1. ఈసీయూ పిన్నుల దగ్గర బల్బు పెట్టి పవర్, ఎర్త్ చూశారా?

2. 5 వోల్టుల లైను ఎంత చూపించింది?

3. సెల్ఫ్ కొట్టినప్పుడు స్కానర్‌లో ఆర్పీఎం వచ్చిందా?

4. అసలు ఎందుకు పోయింది, ఆ కారణాన్ని సరిచేశారా?

5. కొత్త పెట్టె హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ నంబర్లు పాతదానితో కలిశాయా?

6. చెవులు, ఇంజెక్టర్ కోడ్‌లు, ఛాసిస్ నంబర్ నమోదు చేసేది మీరేనా, మరొకరా?

మొదటి మూడింటికి అంకెలతో జవాబు చెప్పగలిగిన మెకానిక్ ‘ఈసీయూ పోయింది’ అంటే నమ్మవచ్చు. జవాబు రాకపోతే, బండిని మరో ఎలక్ట్రీషియన్‌కు చూపించడానికి అయ్యే ఖర్చు కొత్త ఈసీయూ ధర ముందు చాలా చిన్నది.